సడలిన త్రాళ్లు

చదువవలసిన భాగము: యెషయా 33:20-24

బస్తరు ఏరులలో తిరుగు దోనెకు తెరచాప లేదు. అది చెట్టు మ్రానును తొలిచి చేసినది. గడయు తెడ్డును దానికి చాలును. చిత్రకోటయొద్ద దాదాపు 30 మీటర్లు క్రిందికి దుముకు ఇంద్రావతిలో గాలిని నమ్ముకొని ఎవడు పోగలడు? అయితే బస్తరు దక్షిణపు కొసనున్న కోంటను దాటి శబరి నది కూనవరమునొద్ద గోదావరిలో కలియును. ఆ గోదావరిమీద లాంచీలు రాకమునుపు సరకులు మోసినవి తెరచాప పడవలే.

అట్టి చిన్న పడవగలవాడొకడు వేసవిలో, నీరు సన్నగిలి పడవ ఇసుకమీద నిలిచియున్నప్పుడు, చెలికానిని పిలిచి మరమ్మతునుగూర్చి యోచించుచున్నాడనుకొనుడి. ఏది ముందు? యజమానుడు చాప చిరుగులకు మాసికలు వేయింపగోరును. గట్టున నిలిచినవారికి కనబడునది అదే. చెలికాడు చాపవైపు చూడడు. కొయ్యను నిలబెట్టు త్రాటిని చేతపట్టి పురి విప్పి చూచును. పైకి పీచు గట్టిగనే యున్నది. లోపలి పేట నల్లబడి పొడియై రాలుచున్నది. ఇది యజమానునికి తెలియనిది కాదు. చెడిన ప్రక్క కనబడకుండ ముడిని త్రిప్పి కట్టినవాడు తానే. చెలికాడు చూడకున్నయెడల, వరదలో గాలి కొట్టిన దినమున కొయ్య కూలును. మాసికలు వేసిన చాపయు దానితోకూడ నీటిపాలగును.

యెషయా 33:23లో ప్రవక్త ఇట్టి ఓడనే చూపుచున్నాడు. ఆ మాటలు అష్షూరునుగూర్చినవని కొందరు వ్యాఖ్యాతలందురు. అయితే వెంటనే కుంటివారు కొల్లసొమ్ము పొందుదురని చెప్పబడినది గనుక, యెరూషలేమునుగూర్చినవనుటయే తగియున్నది. ఆయన చెప్పిన వరుసను గమనింపుడి: ముందు త్రాళ్లు, తరువాత కొయ్య అడుగు, కడపట చాప. సంఘములలో ఈ వరుస తలక్రిందైనది. క్రిస్మసునకు గుడికి సున్నము వేయింతురు, క్రొత్త పాటలు నేర్తురు. ఇంటి ప్రార్థన ఆగి ఎన్నేండ్లాయెనో, అన్నదమ్ములు పొలపు గట్టు తగవున మాటలు మాని ఎన్ని ప్రభురాత్రి భోజనములు గడచినవో ఎవరును అడుగరు.

పాపములను ఒకనితో ఒకడు ఒప్పుకొనవలెనని యాకోబు వ్రాసినది (5:16) ఈ పనికే. అందరియెదుట కాదు; త్రాటిని చేతికిచ్చుటకు ఒక్క చెలికాడు చాలును. విన్నది బజారున చెప్పువాడు మాత్రము పనికిరాడు. క్రొత్త త్రాడు పేనునప్పుడు రెండవ కొనను పట్టుకొని కూర్చుండువాడు కావలెను. పౌలు ఎక్కిన ఓడలో తుపాను తగిలిన మూడవనాడు ఓడ సామగ్రిని తమ చేతులతోనే సముద్రములో పారవేసిరి (అపొ. కార్యములు 27:19). త్రాళ్లు పరీక్షించు తీరిక అప్పుడెవరికిని లేదు.

యెషయాయైతే త్రాళ్లు సడలినవని చెప్పి ఊరకొనలేదు. ఆ వచనములోనే కుంటివారి కొల్లసొమ్మును, మరు వచనములో ఆ పట్టణ నివాసుల దోషపరిహారమును ప్రకటించెను. నడుమ త్రాళ్లు బిగింపబడినట్లు ఎక్కడను వ్రాయబడలేదు.