పెండ్లి పటముల కాగితము

వివాహము నిశ్చయమైన ఇంట వంటవానితో మాటలాడునపుడు శ్రావక కుటుంబములు చూపు జాగ్రత్త అందరెరిగినదే. ఉల్లి, వెల్లుల్లి, దుంపకూరలు వలదనుట, నీరు వడగట్టుట, సూర్యాస్తమయమునకు ముందే పంక్తులు లేచుట, అన్నియు ముందుగనే చెప్పుదురు. అదే ఇంటికి ఛాయాగ్రాహకుడు వచ్చినపుడు అడుగు ప్రశ్నలు రెండే: ఎన్ని పటములు? ఎంత సొమ్ము? మహా అయిన ఆల్బమునకు తోలు అట్ట వలదందురు. అట్ట లోపలి కాగితము మాటేమి?

1871లో ఇంగ్లండు దేశస్థుడు రిచర్డ్ లీచ్ మాడక్స్, గాజు పలకపై వెండి లవణములను జెలటినుతో కలిపి పూయు పద్ధతిని ప్రకటించెను. జెలటిను పశువుల ఎముకలనుండి, చర్మములనుండి తీయు పదార్థము. అటుపిమ్మట నూరేండ్లకు పైగా ఫిలిములోను, పటము దిగు కాగితములోను అదియే పూత. నేడు కెమేరాలో ఫిలిము లేదు గనుక దోషము తీరినదని తలంచువారు కలరు. అది సగమే నిజము. పెండ్లి ఆల్బములు అనేకము నేటికిని వెండి లవణముల కాగితము మీదనే తయారగుచున్నవి. అందు జెలటిను ఉన్నది.

చేయుట, చేయించుట, అనుమోదించుట అను మూడింటిని తత్త్వార్థసూత్రము ఒక్కచోటనే చేర్చినది. ఆల్బము కొనువాడు ఏ పశువును చంపలేదు, చంపుమనలేదు. గృహస్థునకు తప్పని ఆరంభహింసలో ఇదియు ఒకటని సమాధానము చెప్పుకొనవచ్చును. కాని వంటకు నిప్పు తప్పదు. ఈ కాగితము తప్పనిది కాదు. పైగా దంతములు, ఎముకలు, చర్మముల వ్యాపారమైన దంతవాణిజ్యము శ్రావకుడు విడువవలసిన పదునైదు వృత్తులలో ఒకటి. అమ్మకూడని సరుకును కొనవచ్చునా? నూలుపోగును వ్రేళ్ళతో తడవి రకము చెప్పగల వర్తకుడు, ఈ ఒక్క సరుకు విషయమున తెలియదనుట అంతగా నప్పదు.

“పట్టుచీరలు కట్టి జెలటిను సంగతి అడుగుటయా?” అని ఇంటి కుర్రవాండ్రు నవ్వుదురు. ఆ నవ్వులో న్యాయమున్నది. ఒక్క చీరకు వేల పట్టుకాయలు, కాయకొక ప్రాణి. దీనికి జవాబు పట్టును సమర్థించుట కాదు. ఆ ప్రశ్నయు అడుగవలసినదే. అణువ్రతము శక్తికొలది పట్టునది. ఒకచోట జారినవాడు రెండవచోట నిలువరాదను నియమము లేదు.

కష్టమైనది పాత పటముల సంగతి. నాయనమ్మ గదిలో, భర్తతో పెండ్లినాడు తీయించుకొన్న పటము ఒక్కటే ఉండును. తాతగారి ముఖము మనుమలకు తెలిసినది దానివలననే. అదియు జెలటిను కాగితమే. దానిని తీసివేయుమనుట ధర్మము కాదు, కాఠిన్యము. తీసివేసినంత మాత్రమున ఏ ప్రాణియు తిరిగి రాదు. గోడనున్న పటము ఇక దేనిని కోరదు. క్రొత్తగా ఇచ్చు ఆర్డరు కోరును.

సాదా కాగితముపై సిరాతో అచ్చువేసిన ఆల్బములు దొరకుచున్నవి. మెరుపు కొంచెము వేరు. అయితే సిరా కాగితములలోను కొన్నిటికి జెలటిను పూత ఉండును. కూర్పు జిగురు సైతము జంతుసంబంధమైనది కావచ్చును. కనుక బయానా ఈయకముందే అడుగవలెను. ఇచ్చిన పిమ్మట అడిగి బేరము విరుచుట ఛాయాగ్రాహకునకు అన్యాయము. ఆయనకు వెంటనే తెలియకపోవచ్చును. ల్యాబువారిని కనుగొని చెప్పుటకు రెండు దినములు గడువీయవలెను. ధర హెచ్చిన, హెచ్చినంతయు ఈయవలెను.