లెక్కకు అందని భక్తి

నెల్లూరు సీమ తీరమందలి చిట్టమూరు ప్రాంతమునుండి జీవికకై బయలుదేరు యువకులకు రెండు మహానగరములు కలవు: దక్షిణమున చెన్నై, వాయవ్యమున హైదరాబాదు. కుమారుని సాగనంపు తండ్రికి జీతమును గూర్చిన చింతతోపాటు వేరొక చింతయు ఉండును. ఏ నగరమున వాని ఆచారము నిలుచును?

కొందరు దీనికి జనసంఖ్యను సమాధానముగా చూపుదురు. 2011 జనాభా లెక్కల ప్రకారము చెన్నైలో నూటికి దాదాపు 81 మంది హిందువులు, 9 మంది మహమ్మదీయులు, 8 మంది క్రైస్తవులు. హైదరాబాదు నగరపాలక సంస్థ పరిధిలో హిందువులు 65, మహమ్మదీయులు 30, క్రైస్తవులు 3. ఈ భేదమునకు చరిత్రయే ముఖ్యకారణము. హైదరాబాదు 1591లో కుతుబ్‌షాహీ ప్రభువు నెలకొల్పిన నగరము. తరువాత 1948 వరకు అసఫ్‌జాహీల యేలుబడిలో నుండెను. చెన్నపట్టణము 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఆంగ్లేయులకు అనుమతించిన తీరభూమిలో మొలకెత్తి, తిరువల్లిక్కేణి, మైలాపూరు వంటి ప్రాచీన క్షేత్రములను తనలో కలుపుకొన్నది.

అయితే ఈ అంకెలు తెలుపునదెంత? గణకుడు అడిగినపుడు ఇంటివారు చెప్పిన మతము పేరు మాత్రమే. తిరువల్లిక్కేణిలో కాపురముండియు పార్థసారథిస్వామి గడప తొక్కనివాడు ఉండవచ్చును. హైదరాబాదు పాతబస్తీలోని అద్దెగదిలో నిత్యము సాలగ్రామమునకు తులసి సమర్పించువాడు ఉండవచ్చును. లెక్కలో ఇరువురును ఒక్కటియే.

పరిసరముల ప్రభావము లేదనరాదు. ఉత్సవము, భజనగోష్ఠి, సజ్జనసాంగత్యము చంచలమైన మనస్సునకు ఊతకర్రలు. కాని ఊతకర్ర నడక కాదు. అంతేకాక, తనవారు అధికులను గర్వము హృదయమున చేరినచో పొరుగువాడు మనిషిగా గాక ఒక అంకెగా కన్పట్టును. సర్వభూతములయందును అంతర్యామిని దర్శింపవలసిన వైష్ణవునకు ఇంతకుమించిన హాని లేదు.

తిరుమలలో ప్రతి మంగళవారము జరుగు అష్టదళ పాదపద్మారాధన భక్తులెరిగినదే. ఆ సేవ 1984లో ఆరంభమైనది. అందుకు స్వర్ణపుష్పములు సమర్పించినవాడు గుంటూరుకు చెందిన ఒక మహమ్మదీయ భక్తుడు. జనాభా పట్టికలో ఆయనకు ఏ గడి లభించునో అందరెరుగుదురు. స్వామి పాదములచెంత మాత్రము గడులు లేవు.

కావున ఆ తండ్రి విచారింపవలసినది ఏ నగరమున ఎందరున్నారని కాదు. కుమారుడు తన యింట ఇంతకాలము ఏమి చూచెనని. సంధ్యవేళ దీపమును, అతిథికి పెట్టిన అన్నమును, అన్యమతస్థుడైన పొరుగువానితో పలికిన మంచిమాటను చూచి పెరిగినవాడు ఏ నగరమునకేగినను స్వామిని వెంట తీసికొనియే పోవును.