చిన్న ఉపాధ్యాయురాలు



లండను నేషనల్ గ్యాలరీలో ఒక చిన్న చిత్రపటమున్నది. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు షార్డాన్ దానిని సుమారు 1737లో చిత్రించెను. అందులో రాజులు లేరు, యుద్ధము లేదు. ఒక బాలిక అల్లిక సూదివంటి సన్నని కడ్డీతో కాగితముమీది అక్షరమును చూపుచున్నది. ఆమెకంటె చిన్నదైన బిడ్డ తన బొద్దు వ్రేలితో అక్కడనే తడుముచున్నది. ఆ బాలిక పండితురాలు కాదు. తనకు వచ్చిన కొంచెమునే పంచుచున్నది.

ఇట్టి దృశ్యము మనకు క్రొత్త కాదు. వీధిబడిలో పెద్ద పిల్లలు చిన్నవారిచేత ఇసుకలో అక్షరములు దిద్దించెడివారు. ఆండ్రూ బెల్ అను పాదిరి 1789లో మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమ బాధ్యతను వహించెను. మన దేశపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తన బడిలోను ఆలాగు చేయించెను. పెద్ద పిల్లలచేత చిన్నవారికి నేర్పించెను. 1797లో లండనులో దీనినిగూర్చి పుస్తకము ప్రచురించెను. ఆ పద్ధతి 'మద్రాసు పద్ధతి' అను పేరుతో ఇంగ్లాండులో వ్యాపించెను.

మన సోమల ప్రాంతపు పల్లెలలో తలిదండ్రులు కూలికి పోగా, అక్క తమ్ముని చంకనెత్తుకొని అ ఆలు దిద్దించును. తమ్ముడు పై తరగతికి పోయిన దినమున మనము సంతోషింతుము. అక్క బడి మానిన దినమున, "ఆడపిల్లకు ఇంతమాత్రము చాలును" అందుము. ఇది న్యాయమా? "ఇంటిలో జరుగుబాటు లేదు, బిడ్డను ఎవరు చూతురు?" అని తల్లి అడుగును. ఆ కష్టము అబద్ధము కాదు. అయినను ఆ బరువు ఎల్లప్పుడు ఒక్క భుజముమీదనే పడనేల?

నయమాను ఇంట చెరపట్టబడిన చిన్నది తాను ఎరిగిన ఒక్క సంగతి చెప్పెను. దానివలన సేనాధిపతి కుష్ఠము పోయెను. ఆమె పేరు మనకు తెలియదు. ఆమె తన తల్లి యొద్దకు మరల చేరెనో లేదో వ్రాయబడలేదు. ఆమెవలన మేలు పొందిన ఇల్లు ఆమెకు ఏమి చేసెను? ఈ ప్రశ్న మన ఇంట కూడ అడుగుకొందము.

షార్డాన్ బిడ్డ ముఖమును కొంచెము మెత్తగా, బాలిక ముఖమును స్పష్టముగా చిత్రించెను. మన కన్ను ముందు నేర్పుచున్న బాలికమీద నిలుచును. మన ఇండ్లలోను ఆలాగే నిలుపుదము. తమ్మునిచేత అక్షరములు దిద్దించిన చేతిలోనుండి పలకను తీసికొనకుందము.