తల్లి అడుగుల సవ్వడి

గురుకులవాసము ముగించి యింటికి మరలిన శిష్యునకు అసలు పరీక్ష తల్లి వంటయింటి గడపయొద్ద ఆరంభమగును. యూదుల విషయమునను ఈ మాట సత్యమే.

అమెరికాలోని యూదకుటుంబములు పెక్కింట, ఉన్నతపాఠశాల చదువు ముగిసిన పిల్లలను కళాశాలలో చేర్పించుటకు ముందు ఒక యేడాది జెరూసలేమునకు పంపు ఆచారము కలదు. అచటి యెషీవాలలో, అనగా ధర్మవిద్యాపీఠములలో, బాలురు తల్మూదును పఠింతురు. బాలికలకు వేరు విద్యాలయములున్నవి. తోరాలోని విధులపై పూర్వాచార్యులు సాగించిన వాదప్రతివాదముల మహాసంపుటమే తల్మూదు. అందు అధికభాగము అరామిక భాష. పుట నడుమ మూలము, ఒక వంక రాషీ (1040–1105) వ్యాఖ్య, రెండవ వంక ఆయన మనుమలును వారి శిష్యులును రచించిన తోసఫోత్ అను విమర్శ. సటీకముగా గ్రంథములు చదివినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. విద్యార్థులు ఇద్దరిద్దరు జతగూడి, ఒకడు అర్థము చెప్పగా రెండవవాడు ఆక్షేపించును. ఈ జతకు హవ్రూతా యని పేరు. పఠనశాల సంతవలె మ్రోగుచుండును. నోరు మెదపక చదువువాడే బుద్ధిమంతుడనుకొనువారు అచట ఒక్క పూట కూర్చుండవలెను!

క్రమముగా ప్రార్థన పెదవులనుండి లోనికి దిగును. శుక్రవారము సూర్యాస్తమయము మొదలు శనివారము నక్షత్రములు పొడసూపువరకు పాటించు షబ్బాత్, నిషేధముల పట్టికగా కాక పండుగగా తోచును. ఇది నిజమైన వృద్ధియే, సందేహము లేదు.

చిక్కు ఇల్లు చేరిన పిదప వచ్చును. మాంసమునకును పాలకును వేరువేరు పాత్రలుండవలెనని వారి ధర్మము. ఇంటిలో ఆ నియమము అంత పట్టుగా సాగుచుండకపోవచ్చును. బిడ్డ తల్లి వడ్డించిన పళ్లెమును ప్రక్కకు నెట్టును. పదునెనిమిదేండ్లు ఆ చేతివంటయే తిన్నవాడు! తల్లి నొచ్చుకొనును, మా యిల్లు నీకు మైలపడినదా యని తండ్రి కోపించును. నియమము విడిచిన చదువు వ్యర్థము. విడువకున్న కన్నవారి గుండె పగులును.

దీనికి సమాధానము అతడు చదివివచ్చిన తల్మూదుననే, కిద్దుషీన్ అను భాగమున, ఉన్నది. తోరాలో తల్లిదండ్రులను గౌరవింపుమన్నచోట తండ్రి ముందు. వారియెడ భయభక్తులు కలిగియుండుమన్నచోట తల్లి ముందు. బుజ్జగించు తల్లిని బిడ్డ సహజముగా గౌరవించును. విద్య గరపు తండ్రికి సహజముగా భయపడును. కావున కొరతపడుచోటనే శాస్త్రము బరువు పెట్టినదని ఆచార్యుల వివరణ. ఆ రెండవ వాక్యముననే షబ్బాత్ పాలనయు చెప్పబడినది గనుక, జనకుని మాటకై ధర్మము విడువరాదనియు నిర్ణయించిరి. ఇంతవరకు అతడు కంఠస్థము చేసియే వచ్చియుండును. ఒకటి రెండు పత్రములు త్రిప్పినచో, తండ్రి ధర్మము తప్పినపుడు నీవు తప్పితివని పలుకరాదనియు, తోరాలో ఇట్లున్నదని మాత్రము విన్నవింపవలెననియు కలదు.

అచ్చటనే రబ్బీ తర్ఫోన్ కథ. తల్లి మంచమెక్కునపుడెల్ల ఆయన వంగి తన్ను మెట్టుగా చేసికొననిచ్చెడివాడు. ఆ సంగతి విద్యాశాలలో గొప్పగా చెప్పుకొనగా, గౌరవములో సగమైనను చేరలేదనిరి; ఆమె నీ యెదుట డబ్బుసంచిని సముద్రమున పారవేసినను చిన్నబుచ్చక యుంటివా యని యడిగిరి. పళ్లెము నెట్టినవాడు ఏమని బదులు చెప్పును? పుంబెదితా పీఠాధిపతియైన రవ్ యోసేఫ్ అంధుడు. తల్లి అడుగుల సవ్వడి వినినంతనే దైవసాన్నిధ్యమే వచ్చుచున్నదని లేచి నిలిచెడివాడు.

ఇక పాత్రల మాట. మడి పాటించు గృహిణులకు ఇది సులువుగా తెలియును. మట్టిపాత్రకు వారి శాస్త్రమున శుద్ధి లేదు. నీటితో వండు లోహపాత్రను చక్కగా తోమి, ఒక అహోరాత్రము వాడక యుంచి, మరుగునీట ముంచి, చన్నీట తొలచిన శుద్ధమగును. అలుకకు మారుగా ఆ బిడ్డ పెద్దగుండిగతో నీరు పొయ్యిపై పెట్టి, "అమ్మా, ముందు ఏ గిన్నె ముంచుదము?" అని యడుగవచ్చును. అడిగినచో, ఆమెయే ఒక్కొక్కటి తెచ్చి అందించునేమో!