కొండకొమ్మున బలిపీఠము

బొబ్బిలిలో పుట్టి పెరిగినవానికి బలి యను మాట తొలుత పుస్తకములలో ఎదురుపడదు. నేను యుద్ధస్తంభము నీడన ఆడుకొనుచు, 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకును విజయనగర సంస్థాన సైన్యములకును ఎదురొడ్డి కోటయంతయు నేలగూలిన కథను జంగముల నోట వినుచు పెరిగితిని. బొబ్బిలి ప్రభువగు రంగారాయుడును, ఆయన వెంట నిలిచిన వీరులును తమ ప్రాణములను తామే యొడ్డిరి. దానిని త్యాగమనుటకు నాకు సంకోచము లేదు. కాని శత్రువుల చేజిక్కరాదని కోటలోపల హతమార్పబడిన స్త్రీలమాట, పసిబిడ్డలమాట యేమి? అచ్చట ఇచ్చినవాడొకడు, పోయిన ప్రాణము వేఱొకరిది. ఈ రెండింటికిని మనము బలి యను నొక్క పేరే పెట్టి, ఒక్క స్తంభమునకే మ్రొక్కుచున్నాము.

ఈ శంకను మోసికొనియే మొన్నటి మాఘమాసమున శాలిహుండము కొండ యెక్కితిని. రాజాము మీదుగా శ్రీకాకుళము చేరి, కళింగపట్టణపు దారిని కొంతదూరము పోయినచో, వంశధార దక్షిణతీరమున, నది సముద్రమున గలియుచోటికి చేరువగా ఈ కొండ కనబడును. 1919లో ఇచ్చటి బౌద్ధ శిథిలములను లోకమునకు వెల్లడించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. సవరల నుడిని నేర్చి దానికి వ్యాకరణము కూర్చిన ఆ మహనీయుని చూపు మాటలేని ఈ ఇటుకలమీదను అంతటి ఆదరముతోనే ప్రసరించినదని తలంచుకొన్నప్పుడు నా గుండె నిండినది. ఈ తావును పూర్వము శాలివాటిక యనిరని కొందఱు, శల్యపేటిక యనిరని కొందఱు చెప్పుదురు; ఒకరికిది వడ్లు చేరిన చోటు, ఒకరికి అస్థికలు దాచిన పెట్టె.

దారికిరుప్రక్కల స్తూపముల, చైత్యగృహముల పునాదులు చూచుచు, చెమటయోడ్చుచు పైకి జేరితిని. శిఖరమున మహాచైత్యము. బండిచక్రమువలె ఇటుకగోడలను ఆకులుగా దీర్చి, నడిమి సందులను మంటితో నింపి కట్టిన కట్టడమది. దాని యెదుట నిలిచినప్పుడు, జోర్డాను దేశపు మరుభూమిలోని పెట్రా నగరమును గూర్చి చదివినది జ్ఞప్తికి వచ్చినది. అచ్చటి నబతీయులును కొండకొననే దేవునికి నెలవుగా నెంచి, శిఖరమును చుట్టును తొలిచివేసి, 6 మీటర్లకు మించిన రెండు శిలాస్తంభములను మాత్రము నిలిపి, ఆవల ఱాతిలోనే బలివేదికను మలచిరి. ఆ వేదికచెంత గుండ్రని తొట్టియు, దానినుండి వెడలు కాలువయు గలవు. పశురక్తము పాఱుటకే యని పండితుల తలంపు. మద్బహ్ అను ఆ కొండపేరునకే బలిపీఠమని యర్థము.

ఎత్తునకు ఎక్కవలెనను ఆర్తి నబతీయులకును బౌద్ధులకును నొక్కటియే. పెట్రాలో ఈవిని పుచ్చుకొను దేవుడు కలడు. ఇచ్చట పరినిర్వాణము నొందిన బుద్ధుడు దేనిని పుచ్చుకొనును? పుచ్చుకొనువాడు లేనిచోట ఈవికి అర్థమేమని మెట్లమీద గూర్చుండి చాలసేపు ఆలోచించితిని. దీఘనికాయమున కూటదంతుడను బ్రాహ్మణుడు వందలకొలది పశువులను యూపములకు గట్టించి, యాగవిధి తెలుపుమని బుద్ధుని వేడును. ఆయన తెలిపిన పూర్వయజ్ఞమున నేయి, వెన్న, పెరుగు, తేనె మొదలగునవే హవిస్సులు. పశువు చావలేదు, చెట్టు కూలలేదు. ఇంతేకాదు, పనివాండ్రెవరును దండభయమున కన్నీరు గార్చుచు పాటుపడలేదు. ఈ కడపటి మాట నన్ను కదలించినది. పరుల ప్రాణమేకాదు, పరుల కన్నీరును ఈవిలో కలియరాదన్నమాట.

తరువాతి కాలమున ఈ కొండమీద తారాదేవి, మారీచి యను బౌద్ధదేవతల విగ్రహములు వెలసినవి. దీనిని బౌద్ధమునకు పతనమనువారు కలరు. నేనొప్పుకొనను, దుఃఖించువానికి కరుణగల మొగమొకటి కావలెను, అంతే.

ఇక నా తొలి శంకకు మరలుదును. లక్షమందిని కళింగమున చంపించిన అశోకుడే, మన గంజాము ప్రాంతపు జౌగడ శిలమీద, బలికై ప్రాణిని చంపరాదని చెక్కించెను. చంపినవాని నోట వచ్చినదని ఆ మాటను నేను త్రోసిపుచ్చజాలను. తన ప్రాణమును తానిచ్చినవానికి బొబ్బిలిలో నేను మ్రొక్కుదును. కోటలోపలి పసిబిడ్డల చావును మాత్రము త్యాగమనను, వారికై దుఃఖింతును.

దిగుటకు ముందు మహాచైత్యము చుట్టును మూడుమాఱులు తిరిగి చూచితిని. రక్తము పాఱుటకు అచ్చట కాలువ లేదు.