ఇంటి కుక్క, అడవి దుప్పి – తప్పు ఎవరిది?



"మా కుక్క చాలా సాధువండీ, ఎవరినీ ఏమీ చేయదు." కుక్కను పెంచే ఇళ్ళలో ఈ మాట వినని రోజు ఉండదు. నేను కూడా ఎన్నో ఏళ్ళు ఈ మాట అన్నాను. ఒక వేసవిలో అది ఎంతవరకు నిజమో తెలిసివచ్చింది. ఆ సంగతి చెప్పి, దానిలో నుండి పుట్టిన ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను.

కోవిల్‌పట్టి ప్రాంతమంతా నల్లరేగడి నేల. దగ్గరలోని కురుమలై అడవిలో చుక్కల దుప్పులు ఉన్నాయి. ఎండాకాలంలో గుంటలు ఎండిపోతే అవి నీళ్ళ కోసం పొలాల్లోకి వస్తాయి. ఒకనాడు తెల్లవారుజామున కుక్కను గొలుసు విప్పి వెంటబెట్టుకొని పొలానికి వెళ్ళాను. తొట్టి దగ్గర ఒక దుప్పి నీళ్ళు తాగుతోంది. మమ్మల్ని చూసి తల ఎత్తింది. ముందు కాలితో నేలను తట్టింది గాని పారిపోలేదు. ఆ క్షణంలోనే నేను కుక్కను పట్టుకొని ఉండవలసింది. ఏమి జరుగుతుందో చూద్దామని ఊరుకున్నాను. దుప్పి కదిలింది, కుక్క లంఘించింది. కొంతసేపటికి కుక్క తోక ఊపుకుంటూ తిరిగి వచ్చింది. దాని నోటికి రక్తం లేదు. నేను నవ్వుకొని ఇంటికి వచ్చాను.

మరునాడు ఆ దుప్పి గట్టు పక్కన చనిపోయి ఉంది. ఒంటి మీద కాటు లేదు. అటువంటి చావుకు కారణాన్ని పశువైద్యులు ఇలా వివరిస్తారు: మితిమీరిన భయంతో శక్తికి మించి పరుగెత్తిన దుప్పికి కండరాలు లోపలే చెడిపోతాయి. ఆ విషం మూత్రపిండాలను, గుండెను దెబ్బతీస్తుంది. కొన్ని గంటలకో, కొన్ని రోజులకో అది చనిపోతుంది. కుక్కకు ఆట అయినది దుప్పికి ప్రాణాంతకమైంది.

తప్పు ఎవరిది? ముగ్గురి పక్షాన ఆలోచిద్దాం.

మొదటిది దుప్పి. దానిని పిరికిది అంటాము. అది సరి కాదు. ఆవులు, మేకలు మేసే చోట దుప్పులు కూడా నిదానంగా మేస్తాయి. పిల్లి ఎదురైతే చెవులు నిక్కించి చూస్తాయి, ఒక్కోసారి వింతగా ఒక అడుగు ముందుకు కూడా వేస్తాయి. కుక్కను చూస్తే మాత్రం నేల తట్టి, కేక పెట్టి, మందకంతటికీ హెచ్చరిక ఇస్తాయి. ఎవరు తరుముతారో, ఎవరు తరమరో వాటికి తెలుసు. ఆ భయం ఒక జ్ఞానం. కొందరు గడ్డిలో పడుకున్న దుప్పి పిల్లను చూసి, తల్లి లేనిదని జాలిపడి ఇంటికి తెస్తారు. నిజానికి తల్లే దానిని అక్కడ దాచి మేతకు వెళ్ళి ఉంటుంది. ఇంటి కుక్కతో కలిసి పెరిగిన పిల్ల కుక్క భయం మరచిపోతుంది. తరువాత అడవికి పోయిన నాడు ఆ మరపే దాని ప్రాణం తీస్తుంది.

రెండవది కుక్క. విరుదునగర్ జిల్లా రాజపాళయం పేరు మీద ఒక కుక్క జాతి కలదు. ఆంధ్ర దేశం నుండి వచ్చి స్థిరపడిన రాజుల ఊరు అది. తెల్లని ఒళ్ళు, గులాబీ రంగు ముక్కు గల ఆ కుక్కను అడవి పందుల వేటకు పెంచారు. అదే జిల్లాలోని చిప్పిపారై ఊరి పేరుతో ఉన్న సన్నని, పొడవు కాళ్ళ కుక్క కుందేళ్ళ వెంట పరుగెత్తడానికి పేరు పొందింది. రాజపాళయం కుక్క బొమ్మతో 2005లో తపాలా బిళ్ళ కూడా వెలువడింది. పరుగెత్తేదాని వెంట పడమని తరతరాలుగా మనుషులే వాటికి నేర్పారు. నేర్పిన పని చేసినందుకు శిష్యుని దండించి, గురువును వదిలిపెట్టడం న్యాయమా?

మూడవది మనము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడమే వేట కాదు, తరమడం కూడా వేటే. అంతకు ఎంతో పూర్వమే మోషే ధర్మశాస్త్రం, నిర్గమకాండము 21వ అధ్యాయంలో, పొడిచే ఎద్దు గురించి ఈ సంగతి తేల్చింది. ఎద్దుకు పొడిచే అలవాటు ఉన్నదని తెలిసి కూడా కట్టివేయకపోతే, జరిగిన కీడుకు యజమాని కూడా ఉత్తరవాది. అది మనుషుల ప్రాణం గురించిన ఆజ్ఞ, నిజమే. అయినా దానిలోని న్యాయం ఇక్కడికీ వర్తిస్తుందని నా అభిప్రాయం. "నాకు తెలియదు" అనే మాట ఒక్కసారే చెల్లుతుంది. నాకైతే ఆ ఒక్కసారి కూడా చెల్లదు, ఎందుకంటే నేను తెలిసే ఊరుకున్నాను.

ఇక్కడ రైతు సహోదరులు ఒక మాట అడుగుతారు: "దుప్పులు మా మినుము చేను మేసిపోతే ఎవరు ఇస్తారు?" ఇది న్యాయమైన ప్రశ్న. కావలి కుక్కను పెంచవద్దని నేను అనను. గట్టు మీద కట్టిన కుక్క మొరిగితే చాలు, దుప్పి వెనుదిరుగుతుంది. చేను కాపాడుకోవడం వేరు, అడవి దాకా తరమడం వేరు.

ఇది మా ఊరి సంగతి మాత్రమే కాదు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదు కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టినప్పుడు చుక్కల దుప్పులు చెదరిపోయాయి. ఒకటి కుక్కల వాత పడి చనిపోయింది. ఆ పనులు ఆపమని సుప్రీం కోర్టు ఆదేశించవలసి వచ్చింది. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. ఆ కృష్ణజింకల కోసమే మా తూత్తుకుడి జిల్లా వల్లనాడులో 1987లో అభయారణ్యం ఏర్పడింది. మనం సొంత ఊరు విడిచి ఇక్కడికి వచ్చినవాళ్ళం. ఈ నేల మీద వాటి దారులు మనకంటే ముందువి.

మా కుక్కను నేను కొట్టలేదు, ఎవరికీ ఇచ్చివేయలేదు. ఇప్పుడు పొలానికి వెళ్ళేటప్పుడు గొలుసు నా చేతిలో ఉంటుంది. అది సాధువని నేను ఇక ఎవరితోనూ అనను. ఇంట్లో మన చేయి నాకే ప్రాణి సాధువా కాదా అని చెప్పవలసింది మనం కాదు, గుమ్మం బయట దానిని చూసి ఆగిపోయే ప్రాణి. ఆ మాట మన కుక్కల విషయంలోనేనా, మన విషయంలో కూడానా అన్నది ఎవరికి వారు ఆలోచించుకొందురు గాక.