ఎఫా మాన్లీ అడిగిన ధర

ఒక అన్యాయం ఎట్టకేలకు తొలగిపోయే రోజు వచ్చిందనుకోండి. అది రాజ్యమేలిన కాలమంతా మనుషుల్ని నిలబెట్టుకొచ్చినవాళ్లకు ఎవరు లెక్క చెప్పాలి? ఎఫా మాన్లీ గురించి చదివినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

అమెరికాలో పెద్ద బేస్‌బాల్ లీగులు దశాబ్దాలపాటు నల్లజాతి ఆటగాళ్లను గడప తొక్కనివ్వలేదు. వాళ్లు సొంత జట్లు, సొంత లీగులు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో వాటిని నీగ్రో లీగులనేవారు. ఏబ్ మాన్లీ, ఎఫా దంపతులు 1935లో బ్రూక్లిన్‌లో ఈగల్స్ జట్టును మొదలుపెట్టి, మరుసటి ఏడాది న్యూజెర్సీలోని న్యూఆర్క్‌కు మార్చారు. ఇవాళ మన తెలుగువాళ్లు ఎందరో విమానం దిగే ఊరే అది. ఆటగాళ్లను వెతికి తెచ్చేది ఏబ్. జీతాలు, కాంట్రాక్టులు, మ్యాచ్‌ల తేదీలు, ప్రయాణాలు, పత్రికలతో మాటలు అన్నీ ఎఫా చూసుకునేది.

ఆమెకు జట్టు వ్యాపారం, జాతి గౌరవం వేరువేరు కావు. న్యూయార్క్‌లోని హార్లెం ప్రాంతంలో బ్లమ్‌స్టీన్స్ అనే పెద్ద దుకాణం నల్లవాళ్ల డబ్బు తీసుకుంటూ వాళ్ల ఆడపిల్లలకు కౌంటరు దగ్గర ఉద్యోగాలు ఇవ్వనంటే, 1934లో దాన్ని బహిష్కరించిన ఉద్యమంలో ఆమె ముందు నిలిచింది. చివరికి దుకాణం దిగివచ్చింది. 1939లో ఈగల్స్ మ్యాచ్‌కు వచ్చినవాళ్లకు సీట్లు చూపించే సిబ్బంది మూకహత్యలు ఆపాలని రాసిన పట్టీలు వేసుకుని తిరిగారు. అదీ ఆమె చేయించినదే.

1946లో ఈగల్స్ కాన్సాస్ సిటీ మోనార్క్స్‌ను ఏడు ఆటల పోరులో ఓడించి నీగ్రో వరల్డ్ సిరీస్ గెలిచింది. జట్టుకు అంతకు మించిన సంవత్సరం మళ్లీ రాలేదు. ఎందుకంటే అప్పటికే పెద్ద లీగుల తలుపు తెరుచుకుంది. పెద్ద లీగు జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్‌ను నడిపే బ్రాంచ్ రికీ 1945లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్‌సన్‌ను మోనార్క్స్ నుంచి తీసుకున్నాడు. ఆ జట్టుకు ఒక్క డాలరూ ఇవ్వలేదు. 1946లో ఈగల్స్ బౌలింగ్ వీరుడు డాన్ న్యూకోంబ్‌నూ అలాగే తీసుకున్నాడు. (బేస్‌బాల్‌లో అతణ్ణి పిచర్ అంటారు.) నారు పోసి పెంచిన పైరును పక్కచేను ఆసామి కోసుకుపోయినట్టయింది.

రికీ దగ్గర ఒక వాదన ఉంది. నీగ్రో లీగులు అసలు లీగులే కావని, జూదగాళ్ల దందాలని అతను అన్నాడు. ఏబ్ మాన్లీ డబ్బు మన మట్కాలాంటి నంబర్ల ఆటలోంచి వచ్చిన మాట నిజమే. కానీ నల్లవాళ్లకు పెట్టుబడి పుట్టే దారులన్నీ మూసేసిన సమాజమే, మిగిలిన ఒక్క దారిలో నడిచినందుకు వాళ్లను తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు. పైగా ఈగల్స్ ఆడిన రూపర్ట్ స్టేడియం న్యూయార్క్ యాంకీస్ సంస్థది. పెద్ద లీగువాళ్లు ఈ జట్టు దగ్గర అద్దె తీసుకునేటప్పుడు అది జట్టే. ఆటగాణ్ణి తీసుకునేటప్పుడు మాత్రం కాకుండా పోయింది.

1947లో పెద్ద లీగు జట్టు క్లీవ్‌లాండ్ యజమాని బిల్ వీక్ ఈగల్స్ ఆటగాడు లారీ డోబీ కోసం ఫోన్ చేసినప్పుడు ఎఫా ధర అడిగింది. పదివేల డాలర్లు, డోబీ జట్టులో నిలిస్తే మరో ఐదువేలు ఇస్తానని ఒప్పుకున్నాడు. అదే తెల్ల ఆటగాడైతే లక్ష డాలర్లు ఇచ్చేవాడివని ఆమె సూటిగా చెప్పింది. ఆ జులై 5న డోబీ పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగులో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు.

ఇక్కడ నా మనసు కాసేపు తడబడుతుంది. మనిషికి ధర కట్టడం, ఆ సొమ్ము అతనికి కాక యజమానికి చేరడం ఏం న్యాయం? ఆటగాణ్ణి ఏళ్లతరబడి ఒకే జట్టుకు కట్టేసే ఆనాటి నిబంధన మంచిదని నేను అనలేను. కానీ తెల్ల యజమానులు ఒకరికొకరు చెల్లించుకునే సొమ్మునే ఆమె అడిగింది. చెల్లించనంటే, నల్లవాళ్ల జట్టుతో చేసుకున్న కాంట్రాక్టు చిత్తుకాగితమని చెప్పడమే. తన కుర్రాళ్ల దారికి అడ్డుపడుతోందన్న నింద వస్తుందని తెలిసీ ఆమె నోరు విప్పింది. మంచి జరుగుతోంది కదా, ఊరుకో అని లోకం చెప్పే వేళ లెక్క అడగడానికి చాలా ధైర్యం కావాలి. డబ్బాశ అని ఆమెను అన్నవాళ్లు ఆ ధైర్యాన్ని గుర్తించలేదు.

ఈగల్స్ అభిమానులు రాబిన్‌సన్‌ను చూడటానికి బ్రూక్లిన్ వెళ్లిపోయారు. వాళ్లనెలా తప్పుపడతాం? మాన్లీలు 1948 సీజన్ తర్వాత జట్టును వదులుకున్నారు. తర్వాత ఎఫా కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఉత్తరాలు రాస్తూనే ఉంది. తన కోసం కాదు, నీగ్రో లీగుల ఆటగాళ్లకు అక్కడ చోటు కోసం. 1981లో చనిపోయింది. 2006లో అదే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కిన తొలి మహిళ ఆమే.

2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ, 1920 నుంచి 1948 దాకా సాగిన ఆ లీగులు పెద్ద లీగులేనని ప్రకటించింది. అంటే రికీ వాదన తప్పని ఆ ఆటే ఒప్పుకుంది. న్యూకోంబ్ విషయంలో ఈగల్స్‌కు రావలసిన సొమ్ము మాత్రం ఎన్నడూ రాలేదు.